ప్రోస్టేటు గ్రంథి నొప్పి: చికిత్సకై తిరిగినవారి అనుభవములు

మన పత్రికలో నూలు ధరలు, రంగుల ఖర్చులు, సంఘ సమావేశములు వ్రాసికొనుట అలవాటు. ఈ తడవ మగవారు ఒకరితో ఒకరు చెప్పుకొనుటకు సిగ్గుపడు ఒక జబ్బును గురించి వ్రాయవలసి వచ్చినది. ఆ సిగ్గువలన అప్పులపాలైన ఇండ్లు మనలో లేకపోలేదు.

సేలం ప్రాంతములో గుంటమగ్గము నేయు ఒక సోదరుని సంగతి చెప్పెదను. పేరుతో పనిలేదు. వయస్సు నలుబదికి లోపు. మొదట మగ్గమువద్ద కూర్చున్నప్పుడు, వృషణములకు మలద్వారమునకు నడుమ, ఏదో గోళీమీద కూర్చున్నట్లు ఉండెడిది. తరువాత మాటిమాటికి మూత్రము, పోసిన పిదప ఇంకను మిగిలినట్లు అనిపించుట, భార్యతో కూడిన పిమ్మట మంట. మొదటి డాక్టరు యాంటీబయోటిక్కు మాత్రలు వ్రాసినాడు. కొంచెము తగ్గి మరల వచ్చినది. రెండవ డాక్టరు వేరొక రకము మాత్రలు ఇచ్చినాడు. మూడవచోట స్కానింగు, మూత్రపరీక్ష, రక్తపరీక్ష అన్నియు చేసి, "నీకేమీ లేదు, అంతా మనసులోని భయమే" అని పంపివేసిరి. నాలుగవవాడు డాక్టరే కాడు. గోడలమీద గుప్తరోగముల ప్రకటన అంటించుకొను మనిషి. ధాతువు చెడినదని చెప్పి పొడులకు రెండు నెలల కూలి రాబట్టినాడు. ఇంతలో భార్య, "ఎక్కడ తిరిగి తెచ్చుకొన్నారు?" అని అడిగినది. నొప్పికన్న ఆ మాటయే ఎక్కువ బాధించినదని అతడు నాతో అన్నాడు.

ఇది ఒక్కని కథ కాదు. ఈ జబ్బు గలవారు ఏ దేశమున నున్నను ఇంచుమించు ఇదే త్రోవ నడచుచున్నారు. ఏల ఇట్లగుచున్నదో తెలిసికొందము.

ప్రోస్టేటు గ్రంథి మగవారికే ఉండును. ఉసిరికాయకంటె కొంచెము పెద్దది. మూత్రాశయము క్రింద, మలాశయమునకు ముందు ఉండును. కండె నడుమ రంధ్రమున్నట్లు దీని నడుమనుండి మూత్రనాళము పోవును. కనుక అక్కడ ఏ బాధ కలిగినను మూత్రముమీదనే మొదట కనబడును. ముసలితనమున ఈ గ్రంథి పెరుగుట వేరు సంగతి. ఇక్కడ చెప్పుచున్నది పడుచువారికి, నడివయస్సువారికి గూడ వచ్చు దీర్ఘకాలపు నొప్పి.

1995లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థవారు ఈ జబ్బును నాలుగు తరగతులుగా విభజించిరి. మొదటిది హఠాత్తుగా సూక్ష్మజీవులవలన వచ్చునది. చలి, జ్వరము వచ్చును, మూత్రము బిగుసుకొనిపోవచ్చును. అట్లయిన ఆనాడే ఆసుపత్రికి పోవలెను. రెండవది సూక్ష్మజీవులే కారణమైన దీర్ఘరోగము. మూడవదానిలో నొప్పి నెలల తరబడి ఉండును గాని పరీక్షలో సూక్ష్మజీవి దొరకదు. నాలుగవదానికి బాధయే ఉండదు. అసలు కీలకము మూడవదానిలో ఉన్నది. ఈ నొప్పితో వచ్చు నూరుమందిలో తొంబదిమందికి తక్కువగాకుండ ఈ తరగతివారే. అనగా చంపవలసిన సూక్ష్మజీవి లేకుండగనే యాంటీబయోటిక్కు వెంట యాంటీబయోటిక్కు మ్రింగుచున్నారన్నమాట.

దీనిని పరీక్షించియు చూచిరి. చాలకాలముగా బాధపడుచున్న 196 మందికి సిప్రోఫ్లాక్సాసిన్, టామ్సులోసిన్ అను మందులను, కొందరికి మందులేని ఉత్తి మాత్రలను, ఎవరికేది ఇచ్చినది తెలియనీయక ఆరువారములు ఇచ్చిరి. 2004లో ఫలితములు ప్రకటించిరి. ఉత్తి మాత్రలకన్న ఆ మందులు మేలు చేయలేదు. అట్లని మొదటిసారి డాక్టరు ఒక విడత యాంటీబయోటిక్కు ఇచ్చుట తప్పని నేననను. సూక్ష్మజీవి దొరకక, మొదటి విడతకు గుణము గనబడక, మూడవ విడత, నాలుగవ విడత వ్రాయుచుండినపుడు మాత్రము "అయ్యా, మూత్రము కల్చరు పరీక్షలో ఏమి వచ్చినది?" అని అడుగవలెను. గ్రంథిని వ్రేలితో నొక్కకముందు ఒక సీసా, నొక్కిన పిమ్మట ఒక సీసా మూత్రము పట్టి చూచు పరీక్షయు గలదు. నేతగాండ్రు మరియొక సంగతి గుర్తుంచుకొనవలెను. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులవలన కొందరికి మడమ వెనుక నరము వాచి తెగు ప్రమాదమున్నదని 2008లో అమెరికా ఔషధ శాఖవారు గట్టి హెచ్చరిక చేసిరి. పగలంతయు తొక్కుడుచెక్కలు తొక్కు మనకు కాలు పోయిన ఇల్లు గడచుట ఎట్లు? ఆ మందు తీసికొనునప్పుడు మడమ నొప్పి మొదలైన వెంటనే డాక్టరుకు తెలుపవలెను.

సూక్ష్మజీవి లేకున్న నొప్పి ఎక్కడిది? కారణము ఒక్కటి కాదు. చాలమందిలో కటిభాగము అడుగున జోలెవలె నుండు కండరములు బిగిసి, వదలకుండుట కనబడుచున్నది. పడుగు మరీ బిగించిన మగ్గమువలె అనుకొనుడు. దీనిని చూచు ఫిజియోథెరపీవారు ఆ కండరములను వదలు చేయుట నేర్పుదురు. పుస్తకము చూచి కండరములు బిగించు వ్యాయామము చేసికొన్న కొందరికి నొప్పి ఎక్కువైనది. గోరువెచ్చని నీటితొట్టిలో కొంతసేపు కూర్చుండుట చాలమందికి హాయి నిచ్చును. కాఫీ, కారము, సారాయి కొందరికి పడవు. మనసు దిగులుగ నున్న నొప్పి హెచ్చును. నొప్పి హెచ్చిన దిగులు పెరుగును. కాని "అంతా మనసులోనే" అనుట తప్పు. నొప్పి నిజమైనదే. ఈ మూడవ తరగతి నొప్పి క్యాన్సరు కాదు, భార్యకు అంటునది కాదు. మూత్రములో రక్తము కనబడిన మాత్రము ఆలస్యము చేయక చూపుకొనవలెను.

మరొక చిక్కు భాష. బజారులో తమిళమో, మరాఠీయో ధారాళముగ మాట్లాడు మనవారు, ఈ భాగముల పేర్లు చెప్పవలసి వచ్చుసరికి నీళ్ళు నములుదురు. "నడుము నొప్పి" అని చెప్పి నడుము మందు తెచ్చుకొందురు. ఈ జబ్బునకు 1999లో తయారైన ప్రశ్నల పట్టిక ఒకటున్నది. నొప్పి ఎచ్చట, ఎంత, మూత్రమునకు ఎన్నిమార్లు, బ్రతుకు ఎంత చెడినది అని అడిగి 43కు మార్కులు వేయుదురు. వాటికి జవాబులు ఇంటివద్దనే కాగితముమీద వ్రాసికొనిపోయి, ఇంతవరకు వాడిన మందుల చీటీలతోసహా డాక్టరు చేతికిచ్చిన నోరు తెరువవలసిన పని చాలవరకు తగ్గును.

మన సేలం సోదరుడు చివరకు ఒక యూరాలజీ డాక్టరువద్దకు చీటీలన్నియు మూటగట్టుకొని పోయినాడు. ఆయన కొత్త మాత్రల చీటీ వ్రాయక, ఫిజియోథెరపీకి పంపినాడు. ఇప్పుడతడు పాతగుడ్డతో చేసిన చుట్టకుదురుమీద కూర్చుండి నేయుచు, మూర నేత కాగానే గుంటలోనుండి లేచి నాలుగడుగులు వేయును. నొప్పి పూర్తిగ పోలేదు. పండుగ ముందు తొందర పనులు తగిలిన వారములో మరల తలయెత్తును. రాత్రి నాలుగుమార్లు లేచువాడు ఒకమారే లేచుచున్నాడు. రెండవసారి డాక్టరువద్దకు భార్యయు వెంట వెళ్ళి, అంటుజబ్బు కాదని ఆయన నోటనే విని వచ్చినది.