గర్భిణి బరువు – ఇంటిల్లిపాది బాధ్యత



గ్రామాలలో ఇళ్ళు దర్శించేటప్పుడు, గర్భవతియైన కోడలి గురించి మాకు తరచుగా వినిపించే మాట ఒకటుంది. “ఎక్కువ తింటే బిడ్డ పెద్దదవుతుందండీ, కాన్పు కష్టమవుతుంది. కాస్త తక్కువ తింటేనే మేలు” అంటారు పెద్దవారు. కోడలిమీద కోపముతో అనే మాట కాదిది. ఆసుపత్రి దూరమై, ఆపరేషను అందని రోజులలో, బిడ్డ అడ్డం తిరిగి తల్లీ బిడ్డా దక్కకుండా పోయిన ఇళ్ళు ఎన్నో. ఆ భయములోనుండి ఈ మాట పుట్టింది. భయము నిజమైనదే గాని, దానికి కనిపెట్టిన మందు సరియైనది కాదు. అందుకే ఈ నెల గర్భిణి బరువును గురించి వ్రాస్తున్నాము. కోడళ్ళకంటె ముందుగా అత్తలు, భర్తలు దీనిని చదవాలని మా కోరిక.

తక్కువ తింటే కాన్పు సులువవుతుందా?

కాన్పు సులువుగా జరగడము తల్లి కటి ఎముకల వెడల్పుమీద, కడుపులో బిడ్డ తిరిగి ఉన్న తీరుమీద, నొప్పుల బలముమీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. కటి ఎముకలు చిన్నతనములోను, ఎదిగే వయస్సులోను తిన్న తిండితో ఏర్పడతాయి. ఆడపిల్లకు ఎదుగుదల పూర్తికాకముందే పెండ్లి చేయవద్దని చెప్పడానికి ఇదొక ముఖ్య కారణము. గర్భము వచ్చిన తరువాత కడుపు మాడ్చుకొన్నందువలన ఎముకల దారి వెడల్పు కాదు. బిడ్డ ఒంటిలో చేరవలసిన కండ, కొవ్వు, తల్లి ఒంటిలో చేరవలసిన రక్తము మాత్రము తగ్గిపోతాయి.

పుట్టినప్పుడు రెండున్నర కిలోలకంటె తక్కువ తూగిన బిడ్డను తక్కువ బరువు బిడ్డ అంటారు. అటువంటి బిడ్డ ఒళ్ళు త్వరగా చల్లబడుతుంది. పాలు గట్టిగా చప్పరించలేదు. జ్వరాలు, నెమ్ము త్వరగా పట్టుకుంటాయి. తల్లి సంగతి చూస్తే, రక్తము తక్కువగా ఉన్నామె కాన్పులో కొద్దిపాటి రక్తస్రావమునైనా తట్టుకోలేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను గర్భిణులలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. కాన్పు అన్నది గొప్ప శ్రమ. వరికోతకు వెళ్ళే రోజున ఎవరూ పస్తులుండి పొలానికి పోరు గదా!

పెరిగిన బరువు ఎక్కడికి చేరుతుంది?

“బిడ్డ మూడు కిలోలైతే తల్లి పది, పన్నెండు కిలోలు పెరగడమెందుకు?” అని కొందరడుగుతారు. లెక్క చూద్దాము. ఒక తల్లి 12 కిలోలు పెరిగిందనుకుంటే, అందులో బిడ్డ సుమారు 3 కిలోలు. బిడ్డకు ఆహారమందించే మాయ అరకిలోకు పైన. ఉమ్మనీరు కిలోకు దగ్గరగా. పెరిగిన గర్భసంచి మరొక కిలో. అదనముగా ఊరిన రక్తము ఒకటింబావు నుండి ఒకటిన్నర కిలోలు. రొమ్ములు అరకిలో. ఒంటిలో చేరిన నీరు సుమారు ఒకటిన్నర కిలోలు. మిగిలిన 3 కిలోలు కొవ్వు. ఆ కొవ్వు వృథా కాదు. కాన్పు తరువాత పాలివ్వడానికి శరీరము ముందుగానే దాచుకొన్న నిలువ అది, రైతు గాదెలో దాచిన గింజలవంటిది. తల్లి అయిదారు కిలోలే పెరిగితే ఆ కోత ఇద్దరిమీదా పడుతుంది.

ఎంత పెరగాలి?

అందరికీ ఒకే లెక్క లేదు. గర్భానికి ముందున్న బరువునుబట్టి, అది తెలియకపోతే మొదటి నెలలలో చూసిన బరువునుబట్టి నిర్ణయిస్తారు. ఎత్తును మీటర్లలో తీసుకొని, దానిని దానితోనే గుణించి, వచ్చిన సంఖ్యతో కిలోల బరువును భాగించాలి. 150 సెంటీమీటర్లు, అనగా ఒకటిన్నర మీటరు ఎత్తు, 45 కిలోల బరువు ఉన్నామెకు 2.25తో భాగిస్తే 20 వస్తుంది. అది మామూలు బరువు. ఆ సంఖ్య 18.5కంటె తక్కువైతే బక్కపలచని మనిషి. 25 దాటితే బరువు ఎక్కువ. 30 దాటితే స్థూలకాయము.

అమెరికాలోని వైద్యశాస్త్ర సంస్థ 2009లో ప్రకటించిన సూచనల ప్రకారము, కడుపులో ఒకే బిడ్డ ఉన్నప్పుడు, బక్కపలచని తల్లి పన్నెండున్నర నుండి 18 కిలోల వరకు పెరగాలి. మామూలు బరువున్నామె పదకొండున్నర నుండి 16 వరకు, బరువు ఎక్కువున్నామె 7 నుండి పదకొండున్నర వరకు, స్థూలకాయముగల ఆమె 5 నుండి 9 కిలోల వరకు పెరిగితే చాలు. మన దేశములో ఎ.ఎన్.ఎం.లకు ప్రభుత్వమిచ్చిన మార్గదర్శకాలలో, సాధారణముగా 9 నుండి 11 కిలోలు పెరగాలని ఉన్నది.

మొదటి మూడు నెలలలో వేవిళ్ళవలన బరువు అంతగా పెరగకపోవచ్చును. కొందరు కిలో తగ్గుతారు కూడా. దానికి కంగారు పడనక్కరలేదు. నాలుగవ నెల నుండి నెలకు సుమారు 2 కిలోలు, అనగా వారానికి అరకిలో చొప్పున పెరగాలి. వరుసగా రెండు తూకాలలో బరువు కదలకపోతే డాక్టరుగారితో మాట్లాడాలి. ప్రతిసారీ ఒకే తూకపు యంత్రముమీద చూసుకుంటే లెక్క తప్పదు.

ఏమి పెట్టాలి?

“ఇప్పుడు ఇద్దరికోసం తినాలి” అన్న మాటను రెండింతల అన్నముగా అర్థము చేసుకోకూడదు. గర్భిణికి మామూలుకంటె రోజుకు 350 కేలరీలు అదనముగా కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పుచున్నది. ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, గుప్పెడు వేరుశెనగలు కలిపితే అంతే వస్తుంది. ఇది పేదవారికి అందని తిండి కాదు. పప్పు, తోటకూర, మునగాకు, గోంగూర, రాగిజావ, జొన్నరొట్టె, చిన్న చేపలు, జామపండు మన ఊళ్ళలో దొరికేవే. ఒక్కసారిగా తినలేని ఆమెకు రోజుకు అయిదారుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి.

నాలుగవ నెల నుండి ఐరన్ మాత్ర రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. టీ, కాఫీ, పాలతోను, కాల్షియము మాత్రతోను కలిపి వేసుకోకూడదు. దానివలన బిడ్డ నల్లగా పుడుతుందన్నది వట్టి మాట. విరేచనము నల్లగా అవుతుంది, అంతే.

అంగన్‌వాడీలో గర్భిణుల పేరు నమోదు చేయించండి. తెలంగాణలో 2015 జనవరిలో ఆరంభించిన ఆరోగ్యలక్ష్మి పథకములో గర్భిణికి కేంద్రములోనే అన్నము, పప్పు, కూర, గుడ్డు, పాలు పెట్టాలని ఏర్పాటు చేశారు. అక్కడికే వచ్చి తినమనడములో ఒక కారణమున్నది. ఇంటికి తెచ్చిన గుడ్లు నలుగురూ పంచుకుంటే తల్లికి మిగిలేది తక్కువ.

ఉపవాస ప్రార్థనల విషయములో మా సహోదరీలకు ఒక మాట. గర్భిణి ఆహారము మానవలసిన పని లేదు. భోజనము చేసి వచ్చి ప్రార్థనలో కూర్చున్నందుకు ఆమెను ఎవరూ తక్కువగా చూడకూడదు.

బరువు అతిగా పెరిగితే

మరొక వైపు కూడా చూడాలి. మన రెండు రాష్ట్రాలలోను స్త్రీలలో సుమారు మూడవ వంతు మంది ఉండవలసినదానికంటె ఎక్కువ బరువున్నారని పై సర్వే చెప్పుచున్నది. అటువంటివారికి గర్భములో మధుమేహము, రక్తపోటు వచ్చే అవకాశము ఎక్కువ. మధుమేహమున్న తల్లి కడుపులో బిడ్డ అతిగా పెరుగుతుంది. పెద్దవారు భయపడే కష్టమైన కాన్పు నిజానికి ఇటువంటి చోట రావచ్చును. కాబట్టి మొదటి పరీక్షలోను, మరల 24 నుండి 28 వారాల మధ్యను చక్కెర పరీక్ష చేయించాలి. బరువు ఎక్కువున్నా సరే, గర్భములో పస్తులుండి తగ్గించుకోకూడదు. మిఠాయిలు, నూనె పిండివంటలు, కూల్‌డ్రింకులు తగ్గించి, డాక్టరుగారు వద్దనకపోతే రోజూ కొంతసేపు నడిస్తే మంచిది.

ఒక్క నెలలోనే 3 కిలోలకు మించి పెరిగినా, ముఖము, చేతులు ఉబ్బినా, విడువని తలనొప్పి ఉన్నా, చూపు మసకబారినా ఆలస్యము చేయకండి. ఇవి రక్తపోటుతో వచ్చే ప్రమాదానికి గుర్తులు కావచ్చును. “నీరు పట్టింది, అదే తగ్గుతుందిలే” అని ఊరుకున్నచోట ప్రాణము మీదికి వస్తుంది. అదే రోజు ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి.

కంచము ఎవరు చూస్తున్నారు?

మన ఇళ్ళలో కోడలు అందరికీ వడ్డించి చివరకు కూర్చుంటుంది. అప్పటికి కూర అడుగంటి ఉంటుంది, గుడ్డు పిల్లవాని కంచములోకి పోయి ఉంటుంది. చారు, పచ్చడితో నాలుగు ముద్దలు తిని లేస్తుంది. ఏమి తినాలో ఆమెకు తెలియకపోవడముకంటె, తినడానికి మిగలకపోవడమే ఎక్కువ ఇళ్ళలో అసలు చిక్కు.

అత్తగారలారా, ఈ తొమ్మిది నెలలు కోడలిని మీతోపాటు కూర్చోబెట్టుకొని, ముందుగా ఆమెకే వడ్డించండి. మీరు పెట్టిన ముద్ద మీ మనుమడి ఒంటికే చేరుతుంది. భర్తలారా, నీళ్ళ బిందెలు, గడ్డిమోపులు మీరెత్తండి. మధ్యాహ్నము ఆమెకు రెండు గంటల విశ్రాంతి దొరికేటట్లు చూడండి. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితముగా పరీక్షలు చేస్తున్నారు. ఆ రోజు కూలి పోయినా సరే, ఆమె వెంట వెళ్ళండి.

మీ ఇంటిలో గర్భిణి ఉంటే, ఈ సాయంకాలమే ఆమె తల్లీబిడ్డల కార్డు తెచ్చి చూడండి. అందులో ప్రతిసారి బరువు వ్రాసే గడి ఒకటి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే రేపే ఆశా కార్యకర్తను పిలిపించి తూకము వేయించండి. నిండి ఉంటే, పోయిన నెలకు ఈ నెలకు మధ్య ఎంత పెరిగిందో చూసుకోండి. తరువాత వంటింట్లోకి వెళ్ళి, ఈ రాత్రి ఆమె కంచములో ఏమి ఉండబోతున్నదో చూడండి.