పుస్తకముపై తీర్పు: పల్నాటి పాఠకుడు

గ్రంథాలయమునుండి ఇంటికి తెచ్చిన పుస్తకమును కొందరు పాఠకులు చివరి పుటనుండి తెరతురు. అచ్చట పూర్వపాఠకులు పెన్సిలుతో వ్రాసిన తీర్పులుండును. "బాగున్నది" అని యొకడు వ్రాయును. దాని క్రిందనే "ఏమియు బాగులేదు" అని వేరొకడు వ్రాయును. ఆ యిద్దరికిని జవాబుగా "చదువ రానివారికి ఏదియు బాగుండదు" అని మూడవవాడు చేర్చును. గ్రంథాలయపు పుస్తకముపై వ్రాయుట తప్పే. గ్రంథపాలకుడు కోపించుట న్యాయమే. కాని ఆ తప్పునందును ఒక మంచి కోరిక దాగియున్నది. తాను చదివినదానిని గూర్చి తన తరువాత వచ్చువానికి ఒక మాట చెప్పవలెనను కోరిక యది. కోరిక మంచిదే, చెప్పిన మాటయే చాలినది కాదు.

నరసరావుపేట, మాచెర్ల, గురజాల ప్రాంతములలో ఏ శాఖా గ్రంథాలయమున కేగినను బల్లమీద నవలయు, వంటల పుస్తకమును, మిరపసాగును బోధించు చిన్న పొత్తమును, ముగ్గుల పుస్తకమును ప్రక్కప్రక్కనే కనిపించుట వింత కాదు. వీని నన్నిటిని చదివినవారు పలుకుమాట మాత్ర మొక్కటే: బాగున్నది, లేదా బాగులేదు. నవల బాగున్నదనుటకును, వంటల పుస్తకము బాగున్నదనుటకును అర్థ మొక్కటేనా? ఒకటి మనస్సునకు తగులవలెను. రెండవది నాలుకకు తగులవలెను. మిరపసాగు పుస్తకము గుణము పొలములో తేలవలెను. కావున పుస్తకముపై తీర్పు చెప్పువాడు, తా నెవ్వడో, ఏ పనికై చదివెనో, ఏ నేలమీద నిలిచి చెప్పుచున్నాడో కూడ చెప్పవలెను. అది చెప్పని తీర్పు విలాసము లేని ఉత్తరము వంటిది, ఎవ్వరికిని చేరదు.

పల్నాటివారికి పుస్తకముపై అభిప్రాయభేదము కొత్త కాదు. ఆ సీమకు పేరు తెచ్చిన గ్రంథమే వాదోపవాదములకు నెలవైనది. ద్విపదలో నున్న పల్నాటి వీరచరిత్రమును శ్రీనాథుడు రచించెనని ప్రసిద్ధి. అక్కిరాజు ఉమాకాంతము 1911లో దానిని పరిష్కరించి ప్రకటించెను. సీసపద్యమునకు పేరుపొందిన కవిసార్వభౌముడు దేశికవితయైన ద్విపదను చేపట్టెనా యని శంకించినవారు కలరు. వీరులయెడ భక్తిచే చేపట్టెనని నమ్మినవారును కలరు. ఇది పండితుల మాట. కారెంపూడిలో కార్తికమాసపు అమావాస్యకు జరుగు వీరుల తిరునాళ్లలో ఆ కథయే మరియొక రూపమున వినిపించును. వీరవిద్యావంతులు పాడుదురు, జనులు రాత్రులు మేలుకొని విందురు. జీన్ రోఘైర్ అను అమెరికా పరిశోధకుడు ఆలిసెట్టి గాలెయ్య అను వీరవిద్యావంతుడు పాడిన కథను ఆంగ్లమునకు మార్చి, 1982లో గ్రంథముగా ప్రకటించెను.

ఒక్క కథకు ముగ్గురు పాఠకులు. పరిష్కర్త పాఠమును, భాషను, కర్తృత్వమును పరీక్షించెను. పరిశోధకుడు కథ జనులలో నెట్లు బ్రదుకుచున్నదో చూచెను. తిరునాళ్లలో కూర్చుండిన శ్రోత వీరులయెడ తన భక్తికి తగినట్లు కథ సాగినదా యని వినును. ముగ్గురిలో నెవ్వరి అభిప్రాయము సత్యము? మూడును సత్యములే, ఏలనన ఒక్కొక్కరు తాము చూచిన దిక్కునుండి చూచిరి. ఒకడు రెండవవాని పీఠ మెక్కి తీర్పు చెప్పినపుడే కలహము పుట్టును.

ఈ ఉమాకాంతమే 1928లో "నేటికాలపు కవిత్వము" అను విమర్శగ్రంథమును ప్రకటించి నాటి భావకవిత్వమును తీవ్రముగా ఖండించెను. ఆయన తీర్పుతో నేడు ఏకీభవించువారు తక్కువ. అయినను ఆ గ్రంథమును సాహిత్యవిద్యార్థులు ఇంకను తెరచి చూచుచున్నారు. ఆయన అలంకారశాస్త్రమును కొలబద్దగా ముందే చూపి, దానితో కొలిచి, పిమ్మట కాదనెను. కొలబద్ద కంటికి కనిపించుచున్నది కావున కాదన్నవానిని తిరిగి కాదనుటకును వీలున్నది. కొలబద్దను దాచి పలికిన పొగడ్తకంటె, దానిని చూపి పలికిన నింద విద్యార్థికి మేలు చేయును.

ఇక నవలలకు వత్తము. ఉన్నవ లక్ష్మీనారాయణ రచించిన మాలపల్లికి పల్నాటితో సన్నిహితమైన సంబంధ మున్నది. 1921లో పల్నాటి రైతులు అడవిలో పశువులను మేపుటకు చెల్లింపవలసిన పుల్లరిని నిరాకరించిరి. ఆ సత్యాగ్రహములోనే కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు నేలకొరగెను. ఆ యుద్యమ సందర్భముననే ఉన్నవ చెరసాలకు పోయెను. రాయవెల్లూరు చెరసాలలో మాలపల్లి రచన సాగెను. 1922లో వెలువడిన ఆ నవలను మద్రాసు ప్రభుత్వ మనతికాలముననే నిషేధించెను. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిమ్మటగాని ఆ అడ్డు పూర్తిగా తొలగలేదు.

ప్రభుత్వమును ఒక పాఠకుడే యని తలచినచో, నిషేధమును ఒక అభిప్రాయమే. కాని అది యితరుల అభిప్రాయమునకు తావీయని అభిప్రాయము. ప్రభుత్వము ఆ నవలలో చూచినది రాజ్యమునకు రాగల యపాయము. కూలివాడు చూచినది తన యింటి కథ. వ్యావహారికమును గౌరవించినవారు చూచినది గుంటూరు సీమ పలుకుబడి. నేటి విద్యార్థి యొకడు ఆ నవలను చదివి "చర్చలు దీర్ఘముగా నున్నవి" అనినచో ఉపాధ్యాయుడు కోపింప నక్కరలేదు. నిజముగనే అందు చర్చలు దీర్ఘముగా నున్నవి. "ఏ చర్చ? ఎచ్చట నీకు విసుగు పుట్టినది? ఆ విసుగునకు ముందు సంగదాసు చెప్పినదేమి?" అని మాత్రము అడుగవలెను. ఆ ప్రశ్నలకు జవాబు వెదకుటకై అతడు పుస్తకమును మరల తెరచును. ఆ రెండవసారి తెరచుటయే ఉపాధ్యాయునికి కావలసినది.

పెద్దల తీర్పులును ఒక్కొక్కప్పుడు ఒక్కదానివైపు మ్రొగ్గవు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలలపోటీలో విశ్వనాథ సత్యనారాయణ రచించిన వేయిపడగలును, అడివి బాపిరాజు రచించిన నారాయణరావును బహుమానమును పంచుకొనెను. ఒకటి క్షీణించుచున్న పూర్వధర్మమును గూర్చి వగచినది. రెండవది నవయువకుని లలితకళాభిరుచిని ప్రేమించినది. రెండింటిని ఒక్క త్రాసులో తూచుట కష్టమని ఆ పంపకమే చెప్పుచున్నది.

ఇవి పండితులు మెచ్చిన గ్రంథములు. పండితులు మెచ్చని గ్రంథముల మాటయును చెప్పవలెను. కొవ్వలి లక్ష్మీనరసింహారావు వేయి నవలలు వ్రాసెనని ప్రసిద్ధి. రైలుస్టేషనులలో చవుకగా అమ్ముడైన ఆ చిన్న నవలలను విద్వాంసులు చులకన చేసిరి. కాని ఇంటిపట్టున నున్న స్త్రీలును, కొద్దిపాటి అక్షరజ్ఞానము కలవారును వానిని చదివి చదువునం దభిరుచి పెంచుకొనిరి. విద్వాంసుడు శిల్పమును చూచెను; కూడబలుకుకొని చదువు గృహిణి చివరి పుటవరకు చేరితినను సంతోషమును చూచెను. మొదటివాని తీర్పు విని రెండవవారి చేతినుండి పుస్తకమును లాగికొనినచో నష్టపడున దెవ్వరు? ఆ తరువాత ఆమె చదివియుండగల పెద్ద గ్రంథములే.

వినోదపు పుస్తకముల కథ వేరు. పల్నాటిలో దీనికి తగిన ఉదాహరణము వెదకనక్కరలేదు. బ్రహ్మనాయనికిని నాయకురాలు నాగమ్మకును జరిగిన కోడిపందెములో ఓడి మాచెర్లవారు ఏడేండ్లు వనవాస మేగిరనియు, దాని పర్యవసానమే కారెంపూడి యుద్ధమనియు కథ. పందెపు కోళ్లను గూర్చి కుక్కుటశాస్త్రమను పుస్తక మొకటి నేటికిని ప్రచారములో నున్నది. ఏ వారమున, ఏ జామున, ఏ రంగు కోడి దేనిని గెలుచునో అందు చెప్పబడియుండును. గెలిచినవాడు శాస్త్రము గొప్పదనును. ఓడినవాడు తాను ఘడియ తప్పితిననునే గాని శాస్త్రము తప్పినదనడు. ఇట్లు ఓటమికి సయితము లొంగని పుస్తకమును మెచ్చుకొనుటలో పరీక్ష యేమున్నది? కోడి రంగులను, జాతులను గూర్చిన పదసంపదకై భాషాభిమాని దానిని చదివినచో లాభ మున్నది. జంతువులను పోరాడించుట 1960 నాటి జంతుహింసానివారణ చట్టమునుబట్టి నేరము గనుక పందెమునకై చదువుట ఎట్లును తగదు. ఒక్క పుస్తకమే యొకనికి నిఘంటువు, వేరొకనికి నష్టము. "ఎందుకు చదివితివి?" అను ప్రశ్న లేనిదే ఇట్టి గ్రంథముపై తీర్పు సాగదు.

పనులు నేర్పు పుస్తకములను కన్నుతో గాక చేతితో చదువవలెను. మాలతీ చందూర్ వ్రాసిన వంటలు-పిండివంటలు తెలుగిండ్లలో అనేక ముద్రణములు పొందినది. అట్టి పుస్తకమును కుర్చీలో కూర్చుండి చదివి "శైలి బాగున్నది" అనుట హాస్యాస్పదము. పొయ్యి వెలిగించి వండి, ఇంటివారికి వడ్డించి, పిమ్మట చెప్పవలెను. పల్నాటి గృహిణి "కారము చాలలేదు" అనినచో అది పుస్తకమునకు దోషము కాదు, ఆమెకును దోషము కాదు. మిరప పండు సీమలోని నాలుక చెప్పిన మాట యది. ఆ మాటను వ్రాసిపెట్టినచో తరువాత చదువు పల్నాటివారికి లాభము. పాత పాకశాస్త్రములలో కొలత లన్నియు వీశెలు, పలములు, తులములు. 1958నుండి మెట్రిక్ కొలతలు క్రమముగా అమలులోనికి వచ్చెను. నలుబది పలములు వీశె యనియు, వీశె యనగా సుమారు ఒక కిలో నాలుగు వందల గ్రాములనియు ఎరుగని బాలిక ఆ పుస్తకమును చూచి వండి భంగపడినచో, "పుస్తకము మంచిది కాదు" అనుట తొందరపాటు. "కొలతలు పాతవి, మార్చుకొని వండవలెను" అనుట అభిప్రాయము.

వంట చెడినచో ఒక పూట పస్తు. సేద్యము చెడినచో ఏడాదికి అప్పు. అందుచేత వ్యవసాయ గ్రంథములపై అభిప్రాయము చెప్పువాని బాధ్యత మిక్కిలి గొప్పది. 1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడువబడెను. ఆ పిమ్మట కుడికాలువ పారిన పల్నాటి గ్రామములలో మెట్టసేద్యపు పుస్తకము అక్షర మొక్కటియు మారకయే పాతదయ్యెను. కాలువ యెక్కని మెరకపొలములవారికి అదే పుస్తకము ఇంకను గురువుగానే నిలిచెను. 2021-22 పంటకాలమున నల్ల తామరపురుగు మిరపపూతను నాశనము చేసినపుడును ఇట్లే జరిగెను. అంతకుముందు అచ్చయిన పుస్తకములలో తామరపురుగును గూర్చి యున్నది గాని, పూవులలో గుంపులుగా చేరు ఈ కొత్తజాతిని గూర్చి లేదు. పాత పుస్తకమును నమ్మి మందులు చల్లినవానికి చేతిలోని డబ్బు పోయెను, పురుగు పోలేదు. కావున ఇట్టి పుస్తకమును మెచ్చుకొనువాడు అది ఏ యేట అచ్చయినదో మొదట చూడవలెను. గుంటూరు చెంతనున్న లాం పరిశోధనస్థానమువారు నేడు చెప్పుచున్నదానితో సరిపోల్చి, ఆ పిమ్మటనే తోటివానికి సిఫారసు చేయవలెను.

ఇంతకును ఈ విచారము ఉపాధ్యాయునికి ఎందులకు? ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రములలో రెండున్నవి: ప్రతి పాఠకునికి తన పుస్తకము, ప్రతి పుస్తకమునకు తన పాఠకుడు. ఈ రెండింటిని కలుపువాడు గ్రంథపాలకుడు. అతనికి సహాయుడు ముందుగా చదివిన పాఠకుడు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా ఏర్పడెను. ఈ జిల్లా పాఠశాలలలోని బాలబాలికలకు చేతికి వచ్చు మొదటి పుస్తకమును సామాన్యముగా ఎవ్వరో ఒకరి మాటయే నిర్ణయించును. ఆ మాట వట్టి "బాగున్నది" యైనచో బాలునికి కాలము వృథా. వట్టి "బాగులేదు" అయినచో ఒక గ్రంథము బీరువాలో చెదలపాలు.

దీనికి పెద్ద ఏర్పాటు లక్కరలేదు. తరగతికి ఒక నోటుపుస్తకము చాలును. చదివిన ప్రతి విద్యార్థియు అందు అయిదారు పంక్తులు వ్రాయవలెను. తాను దేనికై ఆ పుస్తకమును తీసికొనెను? ఎచ్చట ఆగిపోయెను, ఎచ్చట మరల చదివెను? పని నేర్పు పుస్తకమైనచో చేసి చూచెనా? చూచినచో ఫలమేమి? ఇది యెవ్వరికి పనికివచ్చును, ఎవ్వరికి రాదు? "మిరపసాగు పుస్తకము బాగున్నది" అని వ్రాసిన విద్యార్థి ఏమియు చెప్పనివాడే. "మాది నల్లరేగడి. నారుమడిని గూర్చి చెప్పిన పుటలను మా నాయనకు చదివి వినిపించితిని. విత్తనశుద్ధి సంగతి ఆయనకు కొత్తది; తక్కినది తెలిసినదే యనినాడు. మందుల పుటలు పాతవి" అని వ్రాసిన విద్యార్థినికి పరీక్షలో మార్కు లెన్ని వచ్చినను రాకున్నను, ఆమె విమర్శకురాలు. ఆ యింట అక్షరము రాని తండ్రియు ఆ నోటుపుస్తకములో ఒక విమర్శకుడే.

విద్యార్థులకు ఇంకొక సంగతియు చెప్పవలెను. అభిప్రాయము మారవచ్చును. పదునైదవ యేట విసుగు పుట్టించిన మాలపల్లి ముప్పదవ యేట కన్నీరు పెట్టింపవచ్చును. అప్పుడు పాత పుటను కొట్టివేయ నక్కరలేదు. దాని క్రింద తేదీ వేసి కొత్త మాటను వ్రాసిన చాలును. రెండును కలిసి ఒక పుస్తకమును గూర్చియే గాక, పెరిగిన ఒక మనిషిని గూర్చియు చెప్పును.

చివరి పుటలోని పెన్సిలు వ్రాతలను గ్రంథపాలకుడు రబ్బరుతో తుడిచివేయును, తుడువవలసినదే. ఆ వ్రాసిన చేయి మాత్రము ఊరకుండరాదు. దాని కొక నోటుపుస్తకమును, నాలుగు ప్రశ్నలను చేతికిచ్చుట ఉపాధ్యాయుని పని.