విలీనానికి జై కొట్టే ముందు
2018 మే నెలలో టెలినార్ ఇండియా అనే మొబైల్ కంపెనీ ఎయిర్‌టెల్‌లో కలిసింది. ఆగస్టు 31న వొడాఫోన్, ఐడియా ఒక్కటయ్యాయి. ఈ విలీనాలు వికారాబాద్, తాండూరులనూ తాకాయి; రెండూ ఆంధ్రప్రదేశ్ టెలికాం సర్కిల్ కిందికే వస్తాయి (టెలికాం లెక్కల్లో రాష్ట్రం ఇంకా విడిపోలేదు మరి!). ఇలాంటి విలీనాలను జనం మెచ్చుకోవడంలో తప్పులేదు. రెండు కంపెనీల స్పెక్ట్రం కలిస్తే ఒకే టవర్ ఎక్కువమందికి నెట్ అందించగలదు. అనంతగిరి గుట్టల చాటున ఫోన్ పైకెత్తి సిగ్నల్ వెతికేవాళ్లకూ, తాండూరులో కందులు అమ్మి డబ్బు పడిన మెసేజ్ కోసం చూసే రైతుకూ కావలసింది అదే.

పోటీ తగ్గితే రేట్లు పెరగవా అంటే, పెరుగుతాయి. 2024 జులైలో మూడు ప్రైవేటు కంపెనీలూ వరసగా పెంచాయి. కానీ అప్పుల్లో మునిగిన కంపెనీని విలీనం చేయకుండా మూతపడనిస్తే ఆ పోటీ కూడా మిగలదు. అందుకే విలీనాలకు మద్దతివ్వండి, ఏ ఊరికి ఎప్పటిలోగా టవర్ వేస్తారో మాత్రం కంపెనీలతో ముందే రాయించుకోమని ప్రభుత్వాన్ని అడగండి.