వీధి కింద చలివేంద్రం!

డెన్మార్క్‌లో ప్రతి మూడిళ్లలో దాదాపు రెండిటికి వీధిలోంచి వేడి వస్తుంది. ఊళ్లో ఒకచోట నీళ్లు కాచి, భూమిలో వేసిన గొట్టాల ద్వారా ఇంటింటికీ పంపుతారు. గదులు వెచ్చబడతాయి. చెత్త కాల్చినప్పుడూ కరెంటు తయారీలోనూ వృథాగా పోయే వేడిని ఇలా వాడుకుంటారు కాబట్టి బొగ్గుపులుసు వాయువూ తగ్గుతుంది.

బాగుంది కదా! మే నెలలో గజపతినగరం వచ్చి ‘మీ ఇంటికి వేడి పంపిస్తాం’ అని చెప్పి చూడండి మరి... మనకి కావాల్సింది చల్లదనం. అదే ఉపాయాన్ని తిరగేస్తే సరి. నీళ్లను ఒకేచోట ఐదారు డిగ్రీలకు చల్లబరిచి గొట్టాల్లోకి వదులుతారు. అవి భవనాల్లోని వేడిని లాక్కుని మళ్లీ ప్లాంటుకే వస్తాయి. భవనానికో ఏసీ యంత్రం అక్కర్లేదు. డిస్ట్రిక్ట్ కూలింగ్ అంటే ఇదే.

గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీలో ఇది నడుస్తోంది. మన అమరావతి కోసమూ 2019లో సీఆర్‌డీఏ, అబుదాబికి చెందిన తబ్రీద్ కంపెనీతో 30 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. ప్రభుత్వ భవనాల సముదాయానికి 20 వేల టన్నుల చల్లదనం అందించాలన్నది లక్ష్యం. టన్ను అంటే టన్ను మంచు ఒక్కరోజులో కరుగుతూ లాక్కునే వేడి. మన పడగ్గది ఏసీ టన్నో, టన్నున్నరో! అదే ఏడాది ప్రభుత్వం మారడంతో రాజధాని పనులు ఆగిపోయాయి. 2024 తర్వాతే మళ్లీ కదిలాయి.

అక్కడ లెక్క కుదరడానికి కారణముంది. భవనాలన్నీ దగ్గర దగ్గర. పగలంతా ఏసీలు నడుస్తాయి. పైగా రోడ్లు వేయకముందే గొట్టాలు పూడ్చేయొచ్చు.

రాయపూర్ రోడ్డు వెంబడి వేసే లేఅవుట్లలో ఇవేవీ కుదరవు. ఈరోజు ఒకరు ఇల్లు కడితే, పక్క స్థలం వాళ్లు పిల్ల పెళ్లయ్యాక చూద్దాంలే అంటారు. ఏసీ ఉన్నా ఒక్క గదిలోనే, అదీ రాత్రి నాలుగు గంటలు. ఆ నాలుగిళ్ల కోసం కిలోమీటర్ల గొట్టాన్ని చల్లగా ఉంచాలంటే బిల్లు ఎవరు కడతారు? విజయనగరం దగ్గరి గుంకలాంలో 2020లో ఒకేచోట 12 వేలకు పైగా ఇళ్ల పట్టాలిచ్చారు. అంత పెద్ద కాలనీలోనూ సొంతింటి కోసం అప్పు చేసినవాళ్లు ముందు కొనేది ఫ్యానే.

మన జిల్లాలో దీనికి చోటంటూ ఉంటే భోగాపురం వైపే. విమానాశ్రయం చుట్టూ హోటళ్లు, ఆఫీసులు గుంపుగా వస్తే, రోడ్ల ప్లానులోనే గొట్టాలకీ దారి వదలాలి. తర్వాత తవ్వుదామంటే కుదరదు.

మిగతా మనందరికీ శ్లాబే దిక్కు. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేస్తే కింది గది అంతగా కాగదు. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 గజాలు, ఆపైన కట్టే ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేసింది. గజపతినగరంలో నూట యాభై గజాల ఇంటికైతే ఎవరి ఆర్డరూ అక్కర్లేదు. మార్చిలోనే డాబా కడిగి పూత వేయించుకోవచ్చు.