ఒడలు మరువని జ్ఞాపకము

కడపకు సమీపమున పెన్నానది యొడ్డుననున్న చెన్నూరు వంటి యూళ్ళలో నేటికిని కొందరు వృద్ధుల మోములపై మశూచికపు మచ్చలు కానవచ్చును. ఒకసారి పెద్దమ్మవారు పోసినవారికి మరల పోయదని మన అవ్వలెరుగుదురు. అట్టివారే రోగి మంచము చెంత నిర్భయముగ కూర్చుండగలిగిరి. ఎన్ని యేండ్లు గడచినను ఆ రోగమును వారి యొడలు మరువలేదు. ఈ జ్ఞాపకమెట్లు కలుగునో, యెచట నిలుచునో సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

మన రక్తములో తెల్లకణములను కాపరులు గలవు. వీనిలో కొన్నిటియందు ఒక్కొక్కదానికి ఒక్కొక్క విధమగు శత్రువును మాత్రమే పోల్చుకొను శక్తి యుండును. వైరసు ప్రవేశింపగనే దానిని గుర్తించిన కొలది కణములు లక్షలుగ పెరుగును. బిడ్డకు జ్వరము తగిలినపుడు దవడక్రింద బిళ్ళలు కట్టుట మనమెరిగినదే. ఆ బిళ్ళలే వీని శిక్షణశాలలు. కొన్ని కణములు ప్రతిరక్షకములను తయారుచేయును. మరికొన్ని వైరసు సోకిన కణములను చంపును. రోగము శమించిన పిమ్మట పోరాడిన వానిలో నూటికి తొంబదికి పైగా నశించును. మిగిలినవే జ్ఞాపకకణములు. ప్రతిరక్షకములను చేయు కణములు కొన్ని యెముకల మూలుగలో చేరి యేండ్ల తరబడి తమ పని సాగించుచుండును.

ఈ రహస్యమును శోధించిన వారిలో ప్రముఖుడు హైదరాబాదున 1948లో జన్మించి, ఉస్మానియాలో చదివి, అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయమున పరిశోధన సాగించిన రఫీ అహమ్మదు. రమ ఆకొండి మొదలగు సహచరులతో ఆయన 2017లో ప్రకటించిన శోధనలో, ఎల్లో ఫీవరు టీకా పొందినవారికి భారజలము త్రాగించి, కణములపై ఆ గుర్తు నిలుచుటను పరీక్షించిరి. టీకా వేసిన మొదటి రెండు వారములలో ముమ్మరముగ పెరిగిన కణములే పిదప శాంతించి, ఏడాదికొక మారైనను విభజన నొందక కాపు కాయుచున్నవని తేలెను.

ఈ కాపు ఎంతకాలముండును? 1846లో ఫారో దీవులలో తట్టు ప్రబలగా, 1781లో దానిని అనుభవించిన ముసలివారికి మరల సోకలేదు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాను చూచిన వృద్ధుల రక్తములో తొంబది యేండ్ల పిమ్మటకూడ దాని ప్రతిరక్షకములున్నట్లు 2008లో కనుగొనిరి. అయితే ఇన్‌ఫ్లుయెంజా వైరసు తరచుగ వేషము మార్చును గనుక పాత జ్ఞాపకము క్రొత్త వేషమునకు చాలదు.

తల్లులు ముఖ్యముగ తెలిసికొనవలసినది వేరొకటి కలదు. తట్టును “వచ్చిపోవునదే” యని తేలికగ చూచుట తగదు. టీకాలేని పిల్లలకు తట్టు సోకినపుడు, అంతకుముందు ఇతర రోగములపై సంపాదించిన ప్రతిరక్షకములలో నూటికి 11 మొదలు 73 వంతుల వరకు నశించినట్లు 2019లో బయలుపడెను. తట్టు తాను వచ్చుటయేగాక ఇతర జ్ఞాపకములను గూడ తుడిచివేయును! టీకా పొందిన పిల్లలకీ నష్టము కలుగలేదు.

రోగబాధ లేకుండ జ్ఞాపకమును మాత్రమిచ్చునదే టీకా. దానిచేతనే మశూచికము భూమిమీద లేకుండ పోయినదని 1980లో ప్రకటింపబడెను. కావున బిడ్డకు తొమ్మిది నెలలు నిండగనే తట్టు టీకాయు, పదునారవ నెల దాటిన పిదప రెండేండ్లలోపుగ రెండవదియు మరువక వేయింతురుగాక. తల్లి మరువకున్న బిడ్డ యొడలును మరువదు.