చెరిపే ముందు చూడాలి: ఒక్క ఆదేశం, వేల వరుసలు

ఒక వాతావరణ కేంద్రం పదకొండేళ్లపాటు గంటగంటకూ నమోదు చేసిన ఫైల్‌లో దాదాపు లక్ష వరుసలు ఉంటాయి. ప్రతి వరుసలో తేదీ, ఉష్ణోగ్రత, వాయుపీడనం, తేమ కామాలతో వేరుచేసి ఉన్నాయనుకుందాం. సెన్సర్ పనిచేయని గంటల్లో ఉష్ణోగ్రత స్థానంలో 99.9 పడింది. ఆ వరుసలన్నీ తీసేయాలి. చేత్తో చేస్తే రోజులు పడుతుంది. కమాండ్ లైన్‌లో నడిచే వీఐ, విమ్ ఎడిటర్లలో మాత్రం కోలన్ కొట్టి జి/99.9/డి అని రాస్తే చాలు. రెండూ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే. జి అంటే గ్లోబల్, డి అంటే డిలీట్. ఏటవాలు గీతల మధ్య ఉన్నది వెతకాల్సిన నమూనా.

ఎడిటర్ ఈ పనిని రెండు విడతల్లో చేస్తుంది. మొదట ఫైలంతా చదివి, నమూనా దొరికిన వరుసలకు గుర్తు పెడుతుంది. ఆ తర్వాతే చెరుపుతుంది. చదువుతూనే చెరిపితే చిక్కు వస్తుంది. ఐదో వరుస పోగానే ఆరోది ఐదోదవుతుంది. వెంటనే ఆరో వరుసకు వెళ్తే, కొత్తగా ఐదో స్థానానికి వచ్చిన దాన్ని చూడకుండా వదిలేసినట్లే.

అసలు ప్రమాదం నమూనాలో ఉంది. ఇక్కడ చుక్క అంటే దశాంశ బిందువు కాదు, ‘ఏదైనా ఒక అక్షరం’ అని అర్థం. అందువల్ల 1999-9-12 అనే తేదీలోని ‘99-9’ కూడా సరిపోతుంది. ఆ ఏడాది సెప్టెంబర్ నెలంతా మాయమవుతుంది! చుక్కను చుక్కగానే చూడాలంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి 99\.9 అని రాయాలి.

అయినా ముప్పు తప్పదు. 999.9 హెక్టాపాస్కల్ అనే పీడనంలోనూ 99.9 దాగి ఉంది. సముద్రమట్టంలో ప్రామాణిక వాతావరణ పీడనం 1013.25. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడినప్పుడు అది 1000 దగ్గరకు పడిపోవచ్చు. అంటే పరిశోధకులకు ఎక్కువగా కావాల్సిన గంటలే చెరిగిపోవచ్చు. ఇరువైపులా కామాలు చేర్చి ,99\.9, అని రాస్తే ఉష్ణోగ్రత ఒక్కటే చిక్కుతుంది.

దీనికి జాగ్రత్త కూడా ఈ ఆదేశంలోనే ఉంది. డి బదులు పి రాస్తే ఎడిటర్ ఏదీ చెరపకుండా, దొరికిన వరుసలను చూపిస్తుంది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ యూనిక్స్ కోసం ఈడీ అనే ఎడిటర్ రాశారు. అందులో వరుసలు చూపించే ‘జి/ఆర్‌ఈ/పి’ రూపం నుంచే ప్రసిద్ధ ‘గ్రెప్’ ప్రోగ్రామ్‌కు పేరు వచ్చింది.

పొరపాటున చెరిపితే, ఎడిటర్ మూయకముందే యు మీట నొక్కి వరుసలను తిరిగి తెచ్చుకోవచ్చు. సెడ్ వంటి ప్రోగ్రామ్‌తో ఫైల్‌నే నేరుగా మారిస్తే ఆ వీలుండదు. అందుకే ముందు నకలు తీసుకోవాలి, తర్వాత పితో చూడాలి, డి చివర్లోనే.