శీర్షికయే సగము సాయము

కావ్యమునకు పేరు పెట్టువాడు పాఠకుని కొంత ఊరింపవచ్చును. తీరికగా చదువువాడు ఆ పేరులోని అంతరార్థమును వెదకుకొని ఆనందించును. పని నిలిచిపోయి, దారి తోచక, సాయమునకై పుస్తకము తెరచువానికి ఆ తీరిక ఉండదు. అతనికి విషయసూచికలోని శీర్షికలే దారి చూపవలెను.

ఈ విషయమున కడపతో సంబంధము గల నిదర్శనమొకటి కలదు. 1800లో నైజాము కుంఫిణీకి దత్తము చేసిన సీమలో కడప చేరియున్నది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగియై అచ్చటికి వచ్చెను. ఆనాటి కచ్చేరీ వ్యవహారములలో తెలుగుతోపాటు పారసీ, హిందుస్తానీ, మరాఠీ మాటలు కలగలిసి ఉండెను. ఫసలీ, జమాబందీ, కిస్తు వంటి మాటల అర్థము తెలియనిచో కాగితము చేతనున్నను పని సాగదు. 1852లో బ్రౌన్ మదరాసున ప్రకటించిన కోశమునకు 'జిల్లా నిఘంటువు' అని పేరు. దేశమున వ్యవహారములందు వాడు మాటలను వివరించునదని దాని శీర్షికయే తెలుపును. తెలుగులో చేరిన అన్యదేశ్యములకు 1854లో 'మిశ్రభాషా నిఘంటువు' వేరుగా వెలువడినది. పనులు వేరు గనుక పేర్లును వేరైనవి. దేనిని అందుకొనవలెనో చదువరికి సందేహము లేదు.

మన నిఘంటువులలోను ఈ భేదము కనిపించును. పైడిపాటి లక్ష్మణకవి 'ఆంధ్రనామసంగ్రహము' పేరు వినగనే తెలుగు పదముల కూర్పని బోధపడును. కస్తూరి రంగకవి 'సాంబనిఘంటువు' పేరున భక్తి కలదు. లోనివి తెలుగు పదములో సంస్కృత పదములో ఆ పేరు చెప్పదు. ఇక చిన్నయసూరి 1858లో ప్రకటించిన 'బాలవ్యాకరణము' సంగతి ఉపాధ్యాయులెరిగినదే. బాలుడనగా వ్యాకరణము చదువనివాడని పండితులందురు. సూత్రముల ముందు కూర్చున్న పిల్లవాడు ఆ మాటను వేరుగా గ్రహించును. వ్రాసినవాని మనస్సులోని అర్థము, చదువువాని మనస్సులోని అర్థము ఒకటి కానిచో పేరు ఎంత సులభమైనను సాయపడదు.

ఈ చిక్కు గడచిన శతాబ్దములతో తీరిపోలేదు. అప్పు కొరకు పోయిన రైతును అడంగలు, 1-బి తెమ్మనుట పరిపాటి. అడంగలు వాడుకలో నలిగిన మాట. 1-బి అనునది భూమి హక్కుల నిబంధనలలోని ఒక నమూనా సంఖ్య. గుమాస్తాకు అది మంచి గుర్తు. రైతునకు అది ఏమియు చెప్పదు. దాని ప్రక్కన 'ఈ భూమి ఎవరి పేర నున్నది' అని ఉన్నచో ఏ కాగితము అడుగవలెనో అతనికే తెలియును.

బావిని, బోరును నమ్ముకొన్న మెట్టసీమలో మోటారు పుస్తకమును చూడుడు. 'నిర్వహణ', 'సాధారణ సూచనలు', 'ఇతర విషయములు' అని శీర్షికలుండును. పైరు వాడుచుండగా పుస్తకము తెరచినవాడు వీనిలో దేనిని చదువవలెను? 'మోటారు తిరుగుచున్నను నీరు రానిచో' అని ఉన్నచో చేయి నేరుగా ఆ పుటకే పోవును. ఫుట్ వాల్వు కారుచున్నదా, గొట్టములో గాలి చేరినదా, నీటిమట్టము దిగినదా అని వరుసగా చూచుకొనును. నీరు లేక తిరిగిన మోటారు పాడగును గనుక, శీర్షిక వెదకుటలో గడచిన కాలము వట్టి కాలము కాదు; రైతు సొమ్ము.

కాబట్టి శీర్షిక పెట్టువాడు మూడు విషయములు గమనింపవలెను. నిపుణుని పరిభాషకంటె ఇబ్బందిలోనున్నవాని నోటిమాట మేలు. ఒక శీర్షిక క్రింద ఒక్క విషయమే ఉండవలెను. ప్రక్కపుట శీర్షికతో భేదము తెలుపు మాట మొదటనే రావలెను.

తరగతిలో దీనిని పరీక్షించుట సులభము. ఉపాధ్యాయుడు ఒక పాఠము పేరు మాత్రము చదివి, లోపల ఏమున్నదో చెప్పుమని విద్యార్థుల నడుగవచ్చును. పదిమంది పది విధములుగా చెప్పినచో పిల్లల తెలివిని శంకింపనక్కరలేదు. ఆ పేరు మార్చి చూడవలెను.